క్రీడాకారుని ఎన్నిక: లారీ బర్డ్ ఉదంతము

మన పూర్వులు రత్నపరీక్ష, అశ్వపరీక్ష అని రెండు విద్యలను ప్రత్యేకముగ అభ్యసించినారు. గుర్రపు సుడులను, చెవులను, నడకను చూచి దాని గుణము చెప్పగలవానికి రాజాస్థానములలో మంచి గౌరవముండెడిది. వజ్రము విలువ జౌహరికే తెలియునని ఉర్దూలో సామెత కలదు. అట్టి పరీక్షకులు నేడు అమెరికాలో బాస్కెట్‌బాల్ క్రీడకు ఉన్నారు. ఉన్నత పాఠశాలలో చదువుచున్న పదునారు, పదునేడేండ్ల బాలుర ఆటను చూచి, వీరిలో ఎవడు కళాశాల జట్టుకు పనికివచ్చును, ఎవడు రాడు అని తేల్చుట వారి పని. వారిని అక్కడ స్కౌట్లు అందురు. ఆ విద్య ఎట్టిదో, ఒక బాలుని విషయమున అది ఎంతవరకు నెగ్గి ఎక్కడ తప్పినదో ఈ వ్యాసములో పరిశీలింపదలచినాము. బాలుని పేరు లారీ బర్డ్. తెలుగు పాఠము చెప్పుకొనువారికి ఈ బంతులాటతో పని ఏమని మా క్రీడాశాఖ మిత్రులు నవ్వవచ్చును. ఏటేట ప్రవేశముల వేళ బాలబాలికల మార్కుల జాబితాలు తిరుగవేయువారమే కనుక, మాకును కొంత పని ఉన్నదని మనవి.

మొదట ఆటను గూర్చి రెండు మాటలు. 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నెయిస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు దీనిని కల్పించినాడు. నాడు వ్యాయామశాల వసారా పిట్టగోడకు తగిలించిన పండ్లబుట్ట పది అడుగుల ఎత్తున ఉండుటచేత, నేటికిని ఇనుప వలయము పది అడుగుల ఎత్తుననే ఉండును. పక్షమునకు ఐదుగురు. బంతిని నడిపించుకొని వచ్చువారు గార్డులు. బుట్ట క్రింద నిలుచు పొడగరి సెంటరు. వీరికి నడుమ, రెండు ప్రక్కల ఆడువారు ఫార్వర్డులు. సెంటరుకు పొడవు, గార్డుకు హస్తలాఘవము ముఖ్యమని మోటుగా చెప్పుకొనవచ్చును. ఫార్వర్డుకు రెండును కావలెను. బుట్ట క్రింద పొడగరులతో పెనుగులాడవలెను, దూరమునుండి బంతి వేయవలెను, అవసరమైనచో తానే బంతిని నడిపింపవలెను. రెండు పనులలో అరకొరగా ఉన్నవాడును ఫార్వర్డు వలెనే కనబడును, రెండింటను ఆరితేరినవాడును అట్లే కనబడును. పరీక్షకుని చిక్కు ఇక్కడనే ఉన్నది.

ఆ దేశమున కళాశాలల ఆట మన కళాశాలల ఆట వంటిది కాదు. వేలకొలది జనము టికెట్టు కొని చూతురు. టెలివిజన్‌లో కోట్ల జనము చూతురు. మంచి ఆటగాడు దొరికినచో వాని ఫీజు, వసతి, భోజనము, పుస్తకములు కళాశాలయే భరించును. వీనికి నియమములు చేయు జాతీయ సంస్థ 1906లో పుట్టి, 1910 నుండి ఎన్.సి.ఎ.ఎ. అను పేరుతో నడచుచున్నది. ఒక కళాశాలలో చేరుదునని బాలుడు, వాని పెద్దలు సంతకము చేయు అంగీకారపత్రము 1964లో మొదలై 2024 వరకు వాడుకలో ఉండెను. ఆ సంతకము కొరకు శిక్షకులు బాలుర ఇండ్ల ముంగిట పడిగాపులు పడుట వింత కాదు. ఇంకొక సంగతి కూడ చదువరులు గుర్తుంచుకొనవలెను. 1973లో వచ్చిన మార్పు ప్రకారము విద్యార్థివేతనము నాలుగేండ్లకు గాక ఒక్కొక్క ఏటికే ఇచ్చుట నియమమైనది; అనేక సంవత్సరముల హామీకి మరల అనుమతి వచ్చునప్పటికి 2012 అయినది. అనగా మన కథలోని బాలుడు కళాశాలలో కాలు పెట్టునాటికి, వాని చదువు ఏటేట ఆటపై ఆధారపడియున్నది.

అమెరికా ఉన్నత పాఠశాలలలో ఈ ఆట ఆడు బాలురు ఐదు లక్షలకు పైబడియున్నారు. వారిలో నూటికి ముగ్గురు నలుగురు మాత్రమే ఆ సంస్థ క్రింది కళాశాలలలో ఆడగలుగుదురు; పై శ్రేణికి చేరువారు నూటికి ఇంచుమించు ఒక్కడు. ఆ ఒక్కనిని ఏరుటకే ఇంత తతంగము.

ఏరువాడు సామాన్యముగ కళాశాల సహాయ శిక్షకుడు. శీతకాలపు రాత్రులలో కారు నడుపుకొనుచు ఊరూర తిరిగి, పాఠశాల వ్యాయామశాలలలో మూల బల్లపై కూర్చుండి, చిన్న పుస్తకములో వ్రాసికొనును. ఈ పనినే స్వతంత్ర వృత్తిగా చేసికొన్నవారును కలరు. న్యూయార్కు వాస్తవ్యుడైన హొవార్డ్ గార్ఫింకెల్ పాఠశాల ఆటగాండ్ర గుణదోషములను అచ్చువేసి కళాశాలలకు అమ్మెడివాడు. 1966లో ఫైవ్ స్టార్ అను పేరుతో వేసవి శిబిరమును స్థాపించినవారిలో ఒకడు.

మంచి పరిశీలకుడు చూచునదేమి? పాయింట్లు కావు. పాయింట్లు పత్రికలోనే దొరకును. ఎదుటి పక్షము బలమెంత అని మొదట విచారించును. పొట్టివారి నడుమ ఆరున్నర అడుగుల బాలుడు ముప్పది పాయింట్లు చేయుట వింత కాదు. పొడవు కొలుచును, కాని చేతుల పొడవు అంతకంటె శ్రద్ధగా కొలుచును. గాలిలో బంతిని అందుకొనునది తల కాదు, చేయి. బాలుని వయస్సు ఎంత, ఇంకను ఎదుగునా అని తండ్రి వంకను, అన్నల వంకను చూచును. ఇది మన పశువుల సంతలో బేరగాడు దూడను చూచుచు తల్లిని గూర్చి అడుగుట వంటిదే.

తరువాత పాదములు. ఫార్వర్డు ఎదుటివానిని అడ్డుకొనవలెనన్న ప్రక్కకు జరుగు నేర్పు కావలెను. ముందుకు పరుగెత్తువారందరు ప్రక్కకు జరుగలేరు. తరువాత రీబౌండు, అనగా బుట్టలో పడక తిరిగివచ్చు బంతిని పట్టుట. ఎన్ని పట్టినాడను లెక్క గుమాస్తా వ్రాయును. పరిశీలకుడు చూడవలసినది, బంతి వేసినవాని చేతిని వీడిన క్షణమున ఈ బాలుడు ఎక్కడ ఉన్నాడని. బంతి తగిలిన తరువాత ఎగురువాడు బలవంతుడు. తగులక ముందే, అది పడబోవు చోటికి రెండడుగులు వేసినవాడు బుద్ధిమంతుడు. ఇట్లే, బంతి తన చేతిలో లేనప్పుడు వాడేమి చేయుచున్నాడన్నది పెద్ద పరీక్ష. ఆటలో అధికభాగము బంతి ఇతరుల చేతనే ఉండును. ఆ వేళ చేతులు వ్రేలాడవేసి నిలుచువానికిని, ఎదుటివానిని లాగుకొనిపోయి తోడివానికి దారి చేయువానికిని పత్రికలో తేడా కనబడదు. చివరిది, తప్పు చేసిన మరుక్షణము వాని ముఖము. శిక్షకుడు ఆటనుండి తొలగించి బల్లపై కూర్చుండబెట్టినప్పుడు తువాలు విసరికొట్టునా, ఆటనే చూచుచుండునా? ఇంతవరకు వచ్చిన పరిశీలకుడు ఆటను దాటి స్వభావమును తాకినట్లే. అయితే ఆ స్వభావము కూడ మైదానములోని స్వభావమే అని గుర్తుంచుకొనవలెను.

ఇక లారీ బర్డ్. 1956 డిసెంబరు 7న ఇండియానా రాష్ట్రములో జన్మించినాడు. పెరిగినది ఫ్రెంచ్ లిక్ అను చిన్న ఊర. జనసంఖ్య సుమారు రెండు వేలు. ఆరుగురు సంతానములో నాల్గవవాడు. పేద ఇల్లు. తల్లిదండ్రులు విడిపోయినారు, తల్లి కష్టించి పిల్లలను సాకినది. ఇండియానాలో బాస్కెట్‌బాల్ అనునది మన పల్లెలలో కబడ్డీ వలె ప్రతి వాకిట ఉన్నది. 1997 వరకు ఆ రాష్ట్రమున చిన్న బడి, పెద్ద బడి అను భేదము లేక అన్నియు ఒకే పోటీలో తలపడెడివి.

స్ప్రింగ్స్ వ్యాలీ ఉన్నత పాఠశాలలో చేరునాటికి లారీ మరీ పొడగరి కాడు. గార్డు వలె ఆడెడివాడు. ఒక ఏడు చీలమండ విరిగి ఆట తప్పినది. చంకకర్రలపై నిలిచి బంతి వేయుట, అందించుట సాధన చేసినాడు. ఆపై ఒక్కసారిగా ఎదిగి, చివరి సంవత్సరమునకు 6 అడుగుల 7 అంగుళములైనాడు. ఈ క్రమము ముఖ్యమైనది. మొదటినుండి పొడవుగా ఉన్న బాలుని శిక్షకులు బుట్ట క్రిందనే నిలుపుదురు, వాడు బంతి నడుపుట నేర్వడు. లారీ పొట్టివాని విద్యలు నేర్చి పొడగరి శరీరమునకు వచ్చినాడు. 1973–74లో ఆటకు సుమారు 31 పాయింట్లు, 21 రీబౌండ్లు సాధించినాడు. అయినను ఆ ఏడు రాష్ట్రములో ఉత్తమ పాఠశాల క్రీడాకారునికిచ్చు మిస్టర్ బాస్కెట్‌బాల్ బిరుదు ఇతనికి రాలేదు. వేరిద్దరికి పంచి ఇచ్చినారు. వేగము లేదు, ఎగురలేడు అని పెదవి విరిచిన పరిశీలకులును లేకపోలేదు. ఆ మాట అబద్ధము కాదు. వాని వేగమంతయు కంటిలోను, ఆలోచనలోను ఉండెను; ఆ వేగమును గడియారముతో కొలువ వీలుకాదు.

వచ్చినవారిలో లూయీవిల్ విశ్వవిద్యాలయ శిక్షకుడు డెన్నీ క్రమ్ ఒకడు. లారీ వారి ప్రాంగణము చూచుటకు రానన్నాడు. క్రమ్ తానును మంచి ఆటగాడే. మనమిద్దరము బంతి వేయు పందెమాడుదము, నేను గెలిచినచో నీవు రావలెనన్నాడు. ఒకడు వేసిన తీరుననే రెండవవాడు వేయవలెను, తప్పినవానికి ఒక్కొక్క అక్షరము శిక్ష, హార్స్ అను పదము పూర్తి అయినవాడు ఓడినట్లు. బాలుడే గెలిచినాడు. క్రమ్ వట్టి చేతులతో తిరిగిపోయినాడు. ఇంతకంటె గొప్ప పరీక్ష మరొకటి ఏ పరిశీలకునికిని దొరకియుండదు, కాని ఫలితము చేతికి రాలేదు.

అదే 1974లో వర్జీనియా రాష్ట్రమందలి పీటర్స్‌బర్గ్‌లో మోజెస్ మలోన్ అను బాలుని కొరకు వందలకొలది కళాశాలలు ఎగబడినవి. అతడు మేరీలాండ్ విశ్వవిద్యాలయమునకు సంతకము చేసి, తరగతులు మొదలగుటకు ముందే యూటా స్టార్స్ అను వృత్తి జట్టులోనికి పోయినాడు. ఇట్టి ఉదంతములు ఇంకను కలవు. మనకు లారీ చాలును.

లారీ చివరకు ఇండియానా విశ్వవిద్యాలయమును ఎన్నుకొన్నాడు. శిక్షకుడు బాబీ నైట్, క్రమశిక్షణకు, కోపమునకు సమానముగ పేరుపడ్డవాడు. ఆ ప్రాంగణమున్న బ్లూమింగ్టన్ ఫ్రెంచ్ లిక్‌కు సుమారు 50 మైళ్ళు. ఇంటివారికి, ఊరివారికి ఆనందము. జౌహరి వజ్రమును గుర్తించినాడు, వజ్రము పెట్టెలో చేరినది. 1974 శరత్తులో చేరిన లారీ 24 దినములు అక్కడ ఉండి, ఎవరికిని గట్టిగా చెప్పకయే రహదారికి వచ్చి, దారినపోవు వాహనములో ఊరు చేరినాడు. ఆటల కాలము ఇంకను మొదలు కాలేదు. నైట్ వాని ఆటను ఒక్క పోటీలోనైనను వాడుకొనలేదు.

కారణము ఆటలో లేదు. ప్రాంగణమున విద్యార్థులు ముప్పది వేలకు పైబడి ఉండిరి; ఒక్కొక్క తరగతి గది వాని ఊరి సంబరము వలె తోచియుండవలెను. జేబులో డబ్బు లేదు. మంచి దుస్తులు లేవు. అడిగి తెలిసికొనుటకు నోరు రాదు, ఇది పల్లెనుండి వచ్చిన బిడ్డలకు మనమెరిగిన జబ్బే. వాని చేతుల పొడవు కొలిచినవారు, పాదములు చూచినవారు, బంతి లేనప్పటి నడకను కూడ వ్రాసికొన్నవారు, వీడు ఇంతకు ముందు ఇల్లు విడిచి ఎన్ని రాత్రులు ఉన్నాడని అడిగినట్లు కనబడదు. పూవు పుట్టగనే పరిమళించునని మనవారందురు. పరిమళించును, నిజమే, పెరికి వేరొకచోట నాటిన వారమునకు దానికి నీరు ఎవరు పోయుదురన్నది సామెతలో లేదు.

ఇచ్చట కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. మన ప్రవేశపత్రములో మార్కులకు, జన్మతేదీకి, తండ్రి ఆదాయమునకు గడులున్నవి. ఈ విద్యార్థి వసతి ఎక్కడ, వాని ఊరివారెవరైన ఇక్కడ ఉన్నారా, మొదటి నెల బస్సు ఖర్చు ఎట్లు అను దానికి గడి లేదు. మొదటి నెలలో హాజరు పట్టీనుండి రాలిపోవు పేర్లను మేము చూచుచున్నాము. వారిలో చదువు రానివారు తక్కువ. ఒక గడి చేర్చి, ఒక ఉపాధ్యాయుని పేరు దాని ఎదుట వ్రాసినచో అయ్యెడు ఖర్చు సిరా మాత్రమే.

ఊరు చేరిన లారీ సమీపములోని నార్త్‌వుడ్ అను చిన్న సంస్థలో చేరి, అదియును కొలది దినములలో మానినాడు. పిమ్మట పురపాలక శాఖలో కూలిపని; చెత్తబండిపై తిరిగినాడు, దారులు బాగుచేసినాడు, మంచు తొలగించినాడు. తరువాతి కాలమున ఆ పని తనకు నచ్చినదని అతడు దాపరికము లేక చెప్పియున్నాడు. 1975 ఫిబ్రవరిలో తండ్రి మరణించినాడు. పరిశీలకుల పుస్తకములలో ఈ పేరుపై గీత పడియుండును. పెద్ద కళాశాలలో నెల నిలువలేనివాడు, చదువు మీద శ్రద్ధ లేనివాడు అని ఎవరైన వ్రాసియున్నచో వారిని తప్పుపట్టలేము. పైకి కనబడునది అంతే.

గీత వేయనివాడు బిల్ హాడ్జెస్. టెర్రె హోట్ పట్టణములోని ఇండియానా స్టేట్ విశ్వవిద్యాలయమున అతడు సహాయ శిక్షకుడు. ప్రధాన శిక్షకుడు బాబ్ కింగ్. హాడ్జెస్ ఫ్రెంచ్ లిక్ వచ్చినాడు. తల్లి మొదట ఒప్పుకొనలేదు, పిల్లవానిని ఒంటరిగా వదలుడని పంపివేసినది. అతడు మరల వచ్చినాడు. తానును ఇండియానా పల్లెపట్టున పెరిగినవాడు కనుక, మాటలలో బంతిని గూర్చి కొంతయు, పనిని గూర్చి, ఊరిని గూర్చి మిగిలినదియు నడచినది. 1975లో లారీ ఇండియానా స్టేట్‌లో చేరినాడు. నాటి నియమము ప్రకారము కళాశాల మారినందున ఒక సంవత్సరము పోటీలలో ఆడక కూర్చుండవలసివచ్చినది.

ఒక చిత్రము గమనింపవలెను. టెర్రె హోట్ ఫ్రెంచ్ లిక్‌కు బ్లూమింగ్టన్ కంటె దూరము. కావున, ఇంటికి దూరమై బెంగపడినాడన్న సులభ సమాధానము ఇక్కడ చాలదు. దూరము పెరిగినను నిలిచినాడు. మారినది మైళ్ళు కావు. ప్రాంగణము చిన్నది, పిలిచినవాడు తెలిసినవాడు, బాలునికి ఒక ఏడు వయస్సు పెరిగినది, ఒక మరణము చూచినాడు, చెమటోడ్చి జీతము తెచ్చినాడు. వీనిలో ఏది ఎంత పని చేసినదో తూచి చెప్పుట మా తరము కాదు. అయినను మా అభిప్రాయము చెప్పుమన్నచో, పిలిచిన మనిషికే మొదటి స్థానమిత్తుము. హాడ్జెస్ రెండవసారి రాకపోయినచో, కాలము పెంచిన ఆ పెంపు ఫ్రెంచ్ లిక్ దారులమీదనే ఉండిపోయెడిది.

ఇంతమాత్రమున నైట్ మూర్ఖుడనుట పొరపాటు. లారీ లేకయే అతని జట్టు 1975–76లో ఆడిన 32 ఆటలును గెలిచి జాతీయ విజేత అయినది. ఆ తరువాత అట్లు ఒక్క ఓటమి లేక పురుషుల జాతీయ పోటీ గెలిచిన జట్టు 2025 వరకు లేదు. పెద్ద సంస్థకు ఒక బాలుడు పోయినను లోటు తెలియదు. పెద్ద సంస్థల బలము అది, అందులోని ప్రమాదమును అదే. పోయినవానికి మాత్రము తన జీవితమంతయు ఆ లెక్కలో ఉన్నది.

ఇండియానా స్టేట్‌లో లారీ మూడేండ్లు ఆడి, సగటున ఆటకు 30 పాయింట్లకు పైగా చేసినాడు. అప్పటికి పొడవు 6 అడుగుల 9 అంగుళములు. దూరమునుండి వేసిన బంతికి మూడు పాయింట్లు ఇచ్చు నియమము కళాశాలలకు 1986లో గాని రాలేదు కనుక, ఆ లెక్కయంతయు రెండు రెండుగా, ఒకటి ఒకటిగా కూడినదే. కింగ్ అస్వస్థుడగుటచే 1978–79లో హాడ్జెస్‌యే ప్రధాన శిక్షకుడైనాడు. ఆ ఏడు వరుసగా 33 ఆటలు గెలిచి తుదిపోటీకి చేరినారు. 1979 మార్చి 26న సాల్ట్ లేక్ సిటీలో మిషిగన్ స్టేట్ జట్టు, మాజిక్ జాన్సన్ నాయకత్వమున, 75–64 తేడాతో వారిని ఓడించినది. లారీ వేసిన 21 బంతులలో 7 మాత్రమే పడినవి. ఎదుటి శిక్షకుడు ఒకనికి ఇద్దరిని కాపలా పెట్టి, బంతి చేరకుండ చేసినాడు. పరిశీలించుట అనగా ఇదియును. ఎన్నుకొనుటకే గాక, ఓడించుటకును ఒక మనిషిని చదువవలెను.

నేటి పద్ధతులు వేరు. వీడియోలు పరిశీలకుని మేజాపైకే వచ్చును. 2021 జూలై నుండి విద్యార్థి క్రీడాకారులు తమ పేరుపై ప్రకటనల ద్రవ్యము పుచ్చుకొనవచ్చును. 2025 జూలై నుండి కళాశాలలే నేరుగ చెల్లింపవచ్చును. కళాశాల మారినవాడు ఏడాది కూర్చుండవలసిన పనియు తప్పినది. మనసు కుదురని బాలునికి ఇది మేలు. ఇతడు రేపు పోవునేమో అని శిక్షకుడు మొదటినుండియే ఎడముగా ఉండుట జరిగినచో, అది కీడు.

బోస్టన్ సెల్టిక్స్ అధిపతి రెడ్ ఆవర్‌బాక్ 1978లోనే, వృత్తి జట్లవారు ఏటేట ఆటగాండ్రను పంచుకొను వేళ, ఆరవ ఎన్నికగా లారీ పేరు చెప్పినాడు. బాలునికి కళాశాలలో ఇంకను ఒక ఏడున్నది. వచ్చి చేరమని పలువురు ఆశించియుందురు. లారీ చదువు పూర్తిచేసి వత్తునన్నాడు, ఆవర్‌బాక్ ఆ ఏడు కాచుకొన్నాడు. 1979లో వ్యాయామ విద్యలో పట్టా పుచ్చుకొని, ఆ జూన్ మాసమున ఏటికి 6,50,000 డాలర్ల చొప్పున ఐదేండ్లకు సంతకము చేసినాడు. ఆ తరువాత బోస్టన్ 1981, 1984, 1986లలో జాతీయ విజేత అయినది.